ఏడు గంటలకు ఒక చెయ్యి

నాకు కోపం ఎక్కువని చింతామణిలో సగం మందికి తెలుసు. మా క్లినిక్ ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న ఆంజనప్పకు నా గొంతు రోడ్డు దాటి మరీ వినిపిస్తుందట. వినిపించనీ. పాతపాళ్య చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముప్పై ఒక్క మంది చక్కెర జబ్బు మనుషుల్ని పోగేసి, వాళ్ళచేత ఏడాది పాటు వేళకు మాత్ర మింగించి, రెండు వారాలకొకసారి రక్తం తీయించి, ఆ కాగితాలన్నీ తప్పులేకుండా బెంగళూరుకు పంపే పని ఒక్క నెల చేసి చూడండి. మీ గొంతు కూడా రోడ్డు దాటుతుంది.

నా పేరు శశికళ. డాక్టర్ పురుషోత్తమ్ గారి దగ్గర ట్రయల్ కోఆర్డినేటర్‌ని. ఇంకా అంగడికి రాని మందును మనుషులకిచ్చి చూసేటప్పుడు, ఆ మనుషులకూ ఆ కాగితాలకూ మధ్య నలిగేదాన్ని.

మందు సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మనం తిన్న నూనె, నెయ్యి, వేరుశనక్కాయ లోపల అరిగి కొవ్వు ఆమ్లాలవుతాయి. మన కణాల మీద ఆ కొవ్వు ఆమ్లాలను పసిగట్టే రిసెప్టర్లని కొన్ని ఉంటాయి. ఇంటి గుమ్మం పక్కన కాలింగ్ బెల్ లాంటివి. క్లోమం మీదున్న బెల్లును కొవ్వు ఆమ్లం వచ్చి నొక్కితే లోపలి నుంచి ఇన్సులిన్ బయటికొస్తుంది, చక్కెర దిగుతుంది. వాపును పుట్టించే కణాల మీద కూడా ఇలాంటి బెల్లే ఇంకొకటి ఉంది. అది మోగితే వాపు తగ్గుతుంది. మన మాత్ర కొవ్వు లేకుండానే వచ్చి ఈ రెండు బెల్లులూ నొక్కుతుంది. అంతే కథ.

పాతపాళ్య ఆరోగ్య కేంద్రంలో మొదటిరోజు నేనిదంతా చెప్పి చెమట తుడుచుకుంటుంటే, వెనక వరసలో బయ్యప్ప లేచి నిలబడ్డాడు. యాభై ఆరేళ్ళ మనిషి, పట్టుపురుగులు పెంచుతాడు, కాస్త టొమాటో వేస్తాడు.

"అట్లయితే అమ్మా, పొద్దస్తమానం బెల్లు కొడతా ఉంటే లోపల ఉండేవాడు విసుక్కుని తలుపు తీయకుండా పండుకోడా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. డాక్టర్ గారు మాత్రం మురిసిపోయి, ఇదే సందేహం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు కూడా ఉంది బయ్యప్పా అని కుర్చీ ముందుకు జరుపుకుని అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో ఇద్దరు సంతకం పెట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఒక్క విషయం మాత్రం నేను నవ్వులాటగా చెప్పలేదు. ఇదే దారిలో ఇంతకు ముందు వచ్చిన ఒక మందు చక్కెరను బాగానే దించింది గానీ, కొందరికి లివర్‌ను దెబ్బతీసింది. దాంతో దాన్ని ఆపేశారు. మనది వేరే మందు, అయినా నమ్మకం లేదు. అందుకే రెండు వారాలకొకసారి లివర్ పరీక్ష. లెక్క నలభై లోపల ఉండాలి. మూడింతలు దాటితే ఆ రోజుకారోజే మాత్ర ఆపేయాలి. చూసుకోకుండా మింగుతూ పోతే ప్రాణం మీదికొస్తుంది. పైగా సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరిది ఏదో నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. కాబట్టి రక్తం ఒక్కటే మనకు కన్ను. ఇది తెలుగులో చెప్పాను, కన్నడంలో చెప్పాను, వేలు చూపించి చెప్పాను. అందరూ బుర్రలూపారు.

బయ్యప్పతో పాటు అతని చిన్నాయన కొడుకు మునికృష్ణప్ప కూడా చేరాడు. ఇద్దరికీ ఏడాదే తేడా. పక్క పక్క ఇళ్ళు, పక్క పక్క మల్బరీ తోటలు. మునికృష్ణప్ప భార్య జయలక్ష్మమ్మ మొదటివారం ససేమిరా అనడంతో అతను ఒక వారం ఆలస్యంగా చేరాడు. అందుకే ఒక సోమవారం బయ్యప్పది, తర్వాతి సోమవారం మునికృష్ణప్పది. రక్తం తీసే ముందు మనిషిని పోల్చి చూసే కార్డుల మీద అంటించే ఫొటోలు తీసేటప్పటికి అన్నదమ్ములిద్దరూ తిరుపతి వెళ్ళి వచ్చి ఉన్నారు. రెండు నున్నటి గుండ్లు, రెండు నామాలు. ఏ కార్డు ఎవరిదో వాళ్ళ వాళ్ళ అమ్మలు కూడా చెప్పలేరు. జుట్టొచ్చాక మళ్ళీ తీద్దాంలే అనుకున్నాను. తీయలేదు.

మూడో నెలలో బయ్యప్ప ఒక సోమవారం రక్తానికి రాలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచాయట. అంటే నాలుగోసారి పొర విడిచి ఆకు మీద పడ్డాయన్నమాట. ఆ వారం రోజులూ పూటపూటకీ ఆకు వేస్తూనే ఉండాలి, మనిషి కదలడానికి లేదు. నాకు తెలుసు. కానీ బెంగళూరు నుంచి తనిఖీకి వచ్చినావిడ కాగితంలో ఆ సోమవారపు ఖాళీ గడి మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, ఏంటిది అని నన్ను చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడు బయ్యప్పకు ఫోన్ చేశాను.

"నాకు పురుగుల కథలు చెప్పొద్దు. వచ్చే సోమవారం ఏడు గంటలకు నీ పేరు పిలిస్తే ఒక చెయ్యి ముందుకు రావల్ల. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. గడి ఖాళీగా ఉండకూడదు, అంతే."

"సరేమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఒక్క సోమవారం తప్పలేదు. ఇద్దరి గడులూ నిండాయి. నా నోటికి ఆ మాత్రం పవరుందని లోపల లోపల సంతోషపడ్డాను కూడా.

పోయిన సోమవారం రక్తం బయ్యప్ప వంతు. బుధవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. లివర్ లెక్క రెండు వందల పన్నెండు.

రెండుసార్లు చదివాను. డాక్టర్ గారికి చూపించి, బయ్యప్పకు ఫోన్ చేసి, ఆ క్షణం నుంచి మాత్ర ముట్టొద్దనీ, పొద్దున్నే సీసాతో సహా క్లినిక్‌లో ఉండాలనీ చెప్పాను. ఆకలి ఉందా, కళ్ళు పచ్చబడ్డాయా, వాంతి వస్తోందా అని అడిగాను. "నాకేమమ్మా, గుండ్రాయి మాదిరి ఉండా," అన్నాడు. లివర్ చెడినవాడు అలాగే అంటాడు మొదట్లో, అనుకున్నాను.

గురువారం తొమ్మిదికల్లా వచ్చాడు. నిజంగానే గుండ్రాయిలా ఉన్నాడు. వస్తూ వస్తూ ఆంజనప్ప కొట్టులో రెండు బన్నులు తిన్నానని తనే చెప్పాడు. మళ్ళీ రక్తం తీద్దామని కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచాను.

ఇక్కడ సహన గురించి ఒక మాట చెప్పాలి. పాతపాళ్యలో రక్తం తీసే అమ్మాయి. రెండు నెలల కింద చేరింది. మంచి పిల్ల, కానీ చెయ్యి మొరటు. ఆ పిల్ల సూది గుచ్చితే మోచేతి మడతలో నేరేడుపండంత నీలిమచ్చ పడుతుంది, పది రోజులు పోదు. దాని మీద నాకు వారానికి నాలుగు ఫిర్యాదులు.

బయ్యప్ప కుడి మోచెయ్యి చూశాను. మచ్చ లేదు. ఎడమది చూశాను. లేదు.

"మొన్న సోమవారం ఏ చేతికి గుచ్చిందప్పా?"

"కుడి... కాదు, ఎడమకేమో."

"ఏమో ఏంది? గుచ్చింది నీకే కదా?"

బయ్యప్ప గోడ మీద క్యాలెండర్ చూశాడు. నేల చూశాడు. సీసా మూత తిప్పాడు.

"బయ్యప్పా, ఆ రక్తం ఎవరిది?"

"మునికృష్ణంది," అన్నాడు, వర్షం పడిందని చెప్పినంత మామూలుగా. "సోమవారం నేను టొమాటో ఏసుకుని చింతామణి మార్కెట్టుకొచ్చింటి. వాడు పోయినాడు నా బదులు."

"నీ బదులు?"

"ముయ్యి కదమ్మా."

ముయ్యి అంటే ఈ పక్క ఊళ్ళవాళ్ళకు విప్పి చెప్పనక్కరలేదు. నా కళ్ళంలో నువ్వొక పొద్దు, నీ కళ్ళంలో నేనొక పొద్దు. కూలి ఉండదు. కానీ వచ్చిన పొద్దుకు పొద్దు తిరిగి పెట్టాల్సిందే, అవసరం ఉన్నా లేకపోయినా. పెట్టకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు. మా సోమేనహళ్ళిలో మా నాన్న జ్వరంతో కూడా వెళ్ళి వేరుశనగ పీకి వచ్చేవాడు. కలుపుకు ముయ్యి విన్నాను, కోతకు విన్నాను, పెళ్ళిలో వంటకు విన్నాను. రక్తానికి ముయ్యి పెట్టుకున్న మహానుభావుల్ని మాత్రం అదే చూడటం.

అతను చెప్పింది విని వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఆరు వారాల కింద బయ్యప్ప సోమవారం మునికృష్ణప్ప చెయ్యి చాపాడు. దాన్ని తీర్చడానికి తర్వాతి సోమవారం మునికృష్ణప్ప పేరు మీద బయ్యప్ప చాపాడు. అలా మారుస్తూ మారుస్తూ ఇప్పటిదాకా. అంటే ఆరు వారాలుగా మునికృష్ణప్ప పేరు మీద నేను చూసి, బాగుందని టిక్కు పెట్టిన లివర్ ఈ గుండ్రాయిది. రెండు వందల పన్నెండు మునికృష్ణప్పది. నేనేమో గట్టిగా ఉన్నవాడికి మాత్ర ఆపించాను. చెడినవాడు నిన్న రాత్రీ మింగాడు, ఇవాళ పొద్దునా మింగాడు.

"వచ్చే సోమవారం వాడిది. నేను పోవల్ల," అన్నాడు బయ్యప్ప, ఆ ఒక్కటీ ఎక్కడ తప్పిపోతుందోనని.

అరిచాను. ఏమని అరిచానో ఇప్పుడు గుర్తులేదు. ఆంజనప్ప గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడంటే చూసుకోండి. చివరికి, "ఇట్ల చేయమని ఎవరు చెప్పినారప్పా మీకు?" అన్నాను.

బయ్యప్ప నా ముఖంలోకి చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. "ఇప్పుడేంటికిలేమ్మా," అన్నాడు.

మునికృష్ణప్ప ఫోన్ ఎత్తలేదు. పురుగుల ఇంట్లో ఉంటే ఎత్తడు. డాక్టర్ గారికి చెప్పి, డ్రైవర్ చంద్రును లేపి, బయ్యప్పను వెనక సీట్లో పడేసి బయలుదేరాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. సగం బయ్యప్పను, సగం రోడ్డు గుంతల్ని. బయ్యప్ప మాత్రం అన్నీ విని, "అమ్మా, వాడికి బాగానే ఉంటాది కదా?" అని ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. మూడోసారి అడిగాక నేను తిట్టడం ఆపాను.

మునికృష్ణప్ప పురుగుల ఇంటి తలుపు దగ్గర జయలక్ష్మమ్మ నన్ను ఆపేసింది. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, పురుగుకు రోగమొస్తుంది. గడప ముందు సున్నం పొడి చల్లి ఉంది. లోపల చీకట్లో వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు సన్నటి వానలా వినిపిస్తోంది.

"బయటికి పిలువమ్మా నీ మొగుణ్ణి."

"ఆకేస్తాండాడు. నాలుగు పొద్దుల్లో పండి గూడు కడతాయి పురుగులు. ఇప్పుడు పిలిస్తే కోప్పడతాడు."

"నాకంటే ఎక్కువ కోప్పడడులే. పిలువు."

మునికృష్ణప్ప ఆకు గంప చంకన పెట్టుకుని గడపలోకి వచ్చాడు. ఎండ ముఖం మీద పడింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. పసుపు నీళ్ళు పోసినట్టు, ఎవరైనా చూసి చెప్పగలిగినంత పచ్చగా. కుడి మోచేతి మడతలో సహన పెట్టిన నీలిమచ్చ.

"ఎన్నాళ్ళయిందప్పా కళ్ళిట్లయి?"

"రెండు మూడు దినాలు. చీకట్లో ఉండి ఉండి అట్ల కనపడతాండాది."

"కూడు తింటాండాడా?" అని జయలక్ష్మమ్మను అడిగాను.

"ముద్ద ముట్టి వారమాయె. మజ్జిగలో నేలఉసిరి నూరి ఇస్తాండా," అంది ఆమె.

"మరి నాకొక ఫోను చేయాలని తోచలేదా మీ ఇద్దరికీ?"

మునికృష్ణప్ప గంప కింద పెట్టాడు. పెట్టడానికి గొంతుక్కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"చూస్తివామ్మా?" అన్నాడు. "నేను ఇట్ల కూసుని లేయలేక ఆరేండ్లు ఉంటి. మోకాళ్ళు రెండూ గుమ్మడికాయల మాదిరి ఉండె. మంచం మీద నుంచే ఆకేసేది ఎట్ల అని ఈ పని మానుకుంటి. నీ మాత్ర తిన్నాక వాపు దిగె. చక్కెర దిగె. ఈ కండ్లు చూపిస్తే మాత్ర ఆపేస్తారని నాకు తెలుసు. అందుకే చెప్పలే."

ఇన్నాళ్ళూ వాళ్ళకేమీ అర్థం కాలేదనుకుని విసుక్కున్నాను. అర్థమయ్యే దాచాడు.

"ఆ మాత్ర ఇంకా మింగితే మోకాళ్ళుంటాయి, నువ్వుండవు," అన్నాను. "సీసా ఇచ్చి కార్లో కూర్చో. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోతాండాం."

"పురుగు పండినాక వస్తా."

"పురుగు పండేలోపల నువ్వు రాలిపోతావు."

"ఒక పంట పోతే మళ్ళా యాడ తెచ్చేదమ్మా? నాలుగు పొద్దులు. అంతే కదా."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. లివర్ అంటే ఏమిటో చెప్పాను. బతిమాలాను. జయలక్ష్మమ్మ ఏడ్చింది. ఆ మనిషి గడప దాటలేదు. మళ్ళీ వంగి గంప ఎత్తుకున్నాడు.

అప్పుడు బయ్యప్ప నన్ను పక్కకు తోసి ముందుకొచ్చాడు. చొక్కా విప్పి జయలక్ష్మమ్మ చేతికిచ్చాడు. తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, సున్నంలో అడుగుపెట్టి, తమ్ముడి చంకలోంచి గంప లాక్కున్నాడు.

"సోమవారం నువ్వు నా బదులు పోతివి. నీ పొద్దు నా మీద ఉండాది," అన్నాడు. "నాలుగు పొద్దులు నేనేస్తా ఆకు. గూడు కట్టేదానికి చంద్రికల తట్టలకు నేనే ఎక్కిస్తా. నువ్వు పో."

నేను గంటసేపు అరిచి చెప్పినదానికి కదలని మనిషి, ఆ మాటకు కదిలాడు. లోపలికి వంగి, "తూర్పు పక్క తట్టలకు లేతాకు ఏయొద్దు," అని చెప్పి కారెక్కాడు.

కారు బాగేపల్లి దాటింది. జయలక్ష్మమ్మ ముందు సీట్లో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా పక్కన మునికృష్ణప్ప కిటికీకి తల ఆనించి, ఒళ్ళు గోక్కుంటూ ఉన్నాడు. నాకు మళ్ళీ కోపం ఉబికింది, భయమేసినప్పుడు నాకు కోపమే వస్తుంది.

"అసలు ఒకరి బదులు ఒకరు చెయ్యి చాపొచ్చని ఎట్ల అనుకున్నారప్పా? ఎవరికి పుట్టింది ఈ బుద్ధి?"

మునికృష్ణప్ప ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు.

"నువ్వే కదమ్మా చెప్పింది. బయ్యప్ప ఫోను స్పీకర్లో పెట్టింటే నేనూ విన్నా. నీ పేరు పిలిస్తే ఒక చెయ్యి ముందుకు రావల్ల, గడి ఖాళీగా ఉండకూడదు అంటివి. బయ్యప్పకేమో పురుగు. అందుకని నేను పోతి. నీకు మాట రాకూడదని."

అతని గొంతులో నింద లేదు. సాయం చేసినవాడి గొంతు అది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆస్పత్రిలో చేర్చుకున్న పూట లెక్క నాలుగు వందలు దాటింది. డాక్టర్ గారు మందు కంపెనీకి ఫోన్ చేసి గుట్టు విప్పించారు. అతనికి వచ్చింది అసలు మాత్రే. ఇంకో రెండు వారాలు మింగి ఉంటే మనం మాట్లాడుకోవడానికేమీ ఉండేది కాదు అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. నాలుగో రోజు లెక్క దిగడం మొదలైంది. ఆ రోజే బయ్యప్ప పురుగుల్ని చంద్రికల మీదికి ఎక్కించాడు. అయిదో రోజు మునికృష్ణప్ప రాగి గంజి తాగాడు. మోకాళ్ళు మళ్ళీ ఉబ్బడం మొదలుపెట్టాయి. అది నేను చూడాలని దుప్పటి తొలగించి చూపించాడు. నేను దుప్పటి మళ్ళీ కప్పాను.

ఆ సాయంత్రమే క్లినిక్‌కు వచ్చి బెంగళూరుకు ఫారం నింపాలి. ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది. డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"రక్తం తీసే ముందు మనిషిని గుర్తుపట్టలేదని రాయి శశికళా. సహన పొరపాటు. కొత్త పిల్ల, ఇంకో చోట చేరుతుంది. నువ్వు పోతే నాకు ట్రయలే లేదు."

సహన బయట బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. రెండు గుండ్ల కార్డులు ఆ పిల్ల చేతిలో పెట్టింది నేను. ఒళ్ళు మండింది. ఈసారి ఎవరి మీదో నాకు బాగా తెలుసు.

పెన్ను తీసుకున్నాను. కారణం అని ఉన్న గడిలో సహన పేరు రాయలేదు, అన్నదమ్ముల పేర్లు రాయలేదు. "వచ్చే సోమవారం ఏడు గంటలకు నీ పేరు పిలిస్తే ఒక చెయ్యి ముందుకు రావల్ల. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. గడి ఖాళీగా ఉండకూడదు, అంతే." అన్నది అన్నట్టు రాసి, ఈ మాట అన్నది నేను అని కింద సంతకం పెట్టాను.